ఘాట్ ఎక్కే బస్సుకు గ్రాఫు ఎందుకు దిగుతుంది?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే బస్సు మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే నల్లమల ఘాట్ మొదలవుతుంది. డ్రైవర్ గేరు మారుస్తాడు, ఇంజన్ మూలుగుతుంది, అంతదాకా అరవైలో వచ్చిన బండి ముప్ఫైకి పడిపోతుంది. ఈ కాసేపటి ప్రయాణానికి వేగం–కాలం గ్రాఫు గీయమని తొమ్మిదో తరగతి పిల్లలకో, ఇంటర్ మొదటి సంవత్సరం వాళ్లకో చెప్పి చూడండి. చాలామంది నోట్‌బుక్కుల్లో గీత ఎడమ నుంచి కుడికి పైకి లేస్తుంది. బస్సు ఎక్కుతోంది కదా, గీత కూడా ఎక్కాలి అనుకుంటారు. వాళ్లు గీసింది ఘాట్ బొమ్మ. నిజానికి గీత కిందికి రావాలి. నిలువు గీత మీద రాసి ఉన్నది ఎత్తు కాదు, వేగం. రోడ్డు లేస్తున్నకొద్దీ వేగం పడుతోంది.

ఇది లెక్కలు రాక చేసే తప్పు కాదు. అదే పిల్లకు పట్టిక ఇస్తే చకచకా చుక్కలు పెడుతుంది. గ్రాఫు పేపరు పైన కుడి మూలన ‘స్కేలు: ఎక్స్-అక్షంపై 1 సెం.మీ. = 5 సె.’ అని పొందిగ్గా రాస్తుంది, చుక్కలు కలుపుతుంది, మార్కులు తెచ్చుకుంటుంది. చుక్కలు పెట్టడం చేతి పని, అది వచ్చింది. గీతను చదవడం వేరే పని. దాన్ని విడిగా నేర్పే పీరియడ్ టైంటేబుల్‌లో ఎక్కడా కనిపించదు.

ఈ తికమక మన ఊళ్లకే పరిమితం అనుకోనక్కర్లేదు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మాట్, ఆమెతో పనిచేసినవాళ్లు కాలేజీ విద్యార్థులు చలనాన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారో ఏళ్లపాటు గమనించి 1980ల్లో వరసగా రాశారు. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ బైక్నర్ 1994లో చలన గ్రాఫుల మీద 21 ప్రశ్నల పరీక్ష ఒకటి తయారుచేశాడు. వాళ్లు పట్టుకున్న ముఖ్యమైన తప్పులు రెండు: గ్రాఫును జరిగినదానికి ఫొటోలా చూడటం, గీత వాలు (అంటే గీత ఎంత నిటారుగా ఉంది) అడిగితే గీత ఎత్తు చెప్పడం. మన్ననూరు ఘాట్ మొదటి తప్పు. రెండోది ఇంకా మొండిది. త్వరణం, అంటే వేగం మారే జోరు, దాని దగ్గర పిల్లలు బోల్తాపడేది ఎక్కువగా అక్కడే.

ముందు దూరం–కాలం గ్రాఫు. దీన్ని ప్రతిరోజూ చదివి బతికేవాళ్లు రైల్వే కంట్రోల్ ఆఫీసుల్లో ఉంటారు. సెక్షన్ కంట్రోలర్ ముందు ఉండే చార్టులో ఒకవైపు టైము, ఇంకోవైపు స్టేషన్లు. నల్గొండ మీదుగా గుంటూరు వెళ్లే దారి తీసుకుంటే, బీబీనగర్, రామన్నపేట, చిట్యాల, నల్గొండ, మిర్యాలగూడ, విష్ణుపురం వరసగా ఉంటాయి. ప్రతి రైలూ ఒక వాలు గీత. గుంటూరు వైపు పోయే రైలు ఒక దిక్కుకు వాలితే, సికింద్రాబాద్ వైపు వచ్చేది ఎదురు దిక్కుకు వాలుతుంది. నిటారుగా ఉన్న గీత ఎక్స్‌ప్రెస్, పడుకున్నట్టున్నది గూడ్స్. టైము వెంట అడ్డంగా సాగిన ముక్క కనిపిస్తే ఏదో బండి స్టేషన్లో ఆగిందన్నమాట. సింగిల్ లైన్ మీద ఎదురెదురు రైళ్ల గీతలు రెండూ స్టేషన్ దగ్గర తప్ప ఇంకెక్కడా ఒకదాన్నొకటి దాటకూడదు. స్టేషన్ల మధ్యలో దాటాయంటే ఒకే పట్టా మీద, ఒకే టైముకు, రెండు బండ్లు ఎదురుపడ్డట్టే. గ్రాఫు తప్పుగా చదివితే మార్కులు కాదు, ప్రాణాలు పోయే చోటు అది.

ఈ చార్టునే పిల్లల ముందు పెట్టి ఒక ప్రశ్న అడగాలి. ఒకే వైపు పోయే రెండు బండ్ల గీతలు ఒక చోట కలిశాయి. ఏ క్షణంలో వాటి వేగాలు సమానం? ‘గీతలు కలిసిన చోట’ అని ఠక్కున జవాబొస్తుంది. గీతలు కలిసిన చోట సమానమైనది స్థానం, వేగం కాదు. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద కారు బస్సును ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఒక క్షణం రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆ క్షణంలో వేగాలు సమానమైతే కారు ఎప్పటికీ ముందుకు పోలేదు. వేగాలు సమానమయ్యేది రెండు గీతల వాలు ఒక్కటైన చోట. ఆ చోట గీతల మధ్య దూరం జానెడైనా ఉండొచ్చు. పక్కపక్కన ఉంటే వేగం ఒకటే అనుకోవడం మెక్‌డెర్మాట్ బృందం కాలేజీ పిల్లల్లోనే చూసింది. కాబట్టి తొమ్మిదో తరగతి పిల్లాడు అలా అన్నాడని చిన్నబుచ్చడం న్యాయం కాదు.

చిక్కును పెంచేది ఇంకొకటుంది. అదే అడ్డగీత గ్రాఫును బట్టి మాట మారుస్తుంది. దూరం–కాలం గ్రాఫులో అడ్డగీత అంటే బండి ఆగింది. వేగం–కాలం గ్రాఫులో అడ్డగీత అంటే బండి ఒకే వేగంతో పోతోంది. త్వరణం–కాలం గ్రాఫులో సున్నాకు పైన ఉన్న అడ్డగీత అంటే వేగం ప్రతి సెకనూ ఒకే లెక్కన మారుతోంది. చూపుకు మూడూ ఒకటే. అందుకే గీతను చూసేముందు నిలువు అక్షం పక్కన ఏం రాశారో చూడమని పిల్లలకు వందసార్లు చెప్పినా తక్కువే. సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్ గేటు దగ్గర ఇరుక్కున్న కారు ఒక్కదానికే ఈ బాధ లేదు. దాని వేగం సున్నా, త్వరణం సున్నా, ఏ గ్రాఫులో గీసినా అడ్డగీతే.

ఇక త్వరణం. ముందు ఈ పేరు గురించే ఒక మాట అనాలి. తెలుగులో ‘త్వరగా’ అంటే తొందరగా, వేగంగా అని. ‘త్వరణం’ అనగానే చెవికి వేగం లాంటిదే ఏదో వినిపిస్తుంది. బండి బాగా వేగంగా పోతుంటే త్వరణం ఎక్కువ అని పిల్లలు రాశారంటే సగం నేరం ఆ పదానిదే. పుస్తకం వడి, వేగం, త్వరణం అని మూడుగా విడగొడుతుంది. వడి అంటే ఎంత స్పీడో, వేగం అంటే ఎటువైపు ఎంత స్పీడో. ఇంట్లో, బజార్లో మాత్రం ఈ మూడింటికీ కలిపి ‘స్పీడు’ ఒక్కటే.

నిజానికి త్వరణానికి మన దగ్గర చక్కటి వాడుక మాట ఉంది. దాన్ని మెకానిక్ షెడ్డులో వినాలి.

‘అన్నా, బండి ఎనభై దాకా పోతుంది గానీ పికప్ లేదే.’

‘క్లచ్ ప్లేట్లు పోయినట్టున్నయ్ తమ్మీ, ఇడిసిపో, చూస్త.’

వేగం వేరు, వేగం పెరిగే తీరు వేరు అన్న భేదం ఈ రెండు ముక్కల్లో పూర్తిగా ఉంది. పికప్ అంటే త్వరణం. ఆ మాట అన్న కుర్రాడే బళ్లో పరీక్షకు వచ్చి ‘వేగం ఎక్కువ కాబట్టి త్వరణం ఎక్కువ’ అని రాస్తాడు. షెడ్డులో ఉన్న తెలివి పరీక్ష హాలు దాకా రాలేదంతే. పాఠం పికప్‌తో మొదలుపెట్టి, మాట కుదిరాక త్వరణం అనే పేరు తగిలిస్తే ఈ తప్పు చాలావరకు పుట్టదు.

దీన్ని అంకెల్లో చూడొచ్చు. నల్గొండ క్లాక్ టవర్ సెంటర్లో సిగ్నల్ పడ్డాక ఒక బైకు బయల్దేరింది. వెనక కూర్చున్న మనిషి రెండేసి సెకన్లకు స్పీడోమీటరు చదువుతున్నాడు. అంకెలు ఇలా వచ్చాయనుకుందాం: సున్నా, 14, 24, 31, 36, 39. పది సెకన్లు గడిచాయి. ప్రతి రెండు సెకన్లకు పెరిగినదెంత? 14, 10, 7, 5, 3. పైవరస పెరుగుతూ పోతోంది, కిందివరస తగ్గుతూ పోతోంది. పైవరస వేగం, కిందివరస పికప్. బండి అన్నిటికంటే స్పీడుగా ఉన్నది చివర్లో, పికప్ అన్నిటికంటే తక్కువగా ఉన్నదీ చివర్లోనే. బయల్దేరిన క్షణంలో వేగం సున్నా, పికప్ మాత్రం గరిష్ఠం. ఈ అంకెలను వేగం–కాలం గ్రాఫులో పెడితే గీత మొదట నిటారుగా లేచి, పోనుపోను పడుకున్నట్టు అవుతుంది. గీత ఎత్తు వేగం, గీత నిటారుతనం త్వరణం. ఎత్తు పెరుగుతూనే నిటారుతనం తగ్గొచ్చు. బైక్నర్ పరీక్షలో పిల్లలు కలిపేసుకున్న రెండు విషయాలు ఇవే.

ప్రమాణం దగ్గర కూడా పిల్లలు ఆగిపోతారు. ‘మీటర్ పర్ సెకండ్ స్క్వేర్’ అంటే ఏమిటి, చదరపు సెకను అనేది ఎక్కడైనా ఉంటుందా? చదరపు గజం అంటే ప్లాటు గుర్తొస్తుంది, చదరపు సెకనుకు ఏదీ గుర్తురాదు. అసలు అలా చదవకూడదు. బైకు మొదటి రెండు సెకన్లలో గంటకు 14 కిలోమీటర్ల వేగం అందుకుంది, అంటే సెకనుకు 7 చొప్పున. ‘గంటకు 7 కిలోమీటర్లు, ప్రతి సెకనుకు’. ఇక్కడ కాలం రెండుసార్లు వచ్చింది. గంట వేగానిది, సెకను ఆ వేగం మారడానిది. గంటకు 7 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 1.9 మీటర్లు. కాబట్టి త్వరణం ‘సెకనుకు 1.9 మీటర్లు, ప్రతి సెకనుకు’. సెకను రెండుసార్లు రావడం వల్ల రాతలో వర్గం అయింది. అందులో ఇంకే మర్మం లేదు.

వేగం, వేగంలో మార్పు వేరువేరని దక్షిణ తెలంగాణ రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆగస్టు వస్తే చాలు, జూరాల ఎంత, శ్రీశైలం ఎంత, సాగర్ ఎంత అని పొద్దున్నే పేపరు తిరగేస్తాడు. అందులో నీటిమట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో ఉంటాయి. నాగార్జునసాగర్ పూర్తిమట్టం 590 అడుగులు, అప్పుడు నిల్వ 312 టీఎంసీలు. చలన పాఠం మొత్తం ఈ నాలుగు అంకెల్లో దాగి ఉంది. నిల్వను బస్సు ఉన్న చోటు అనుకోండి. వచ్చే నీళ్లలోంచి పోయే నీళ్లు తీసేస్తే మిగిలేది వేగం, ఎందుకంటే నిల్వ మారే జోరు అదే. ఎగువ నుంచి వరద పెరగడం, తగ్గడం త్వరణం.

శ్రీశైలం నుంచి సాగర్‌కు నిన్న పొద్దున మూడున్నర లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు) వస్తోంది, కాల్వలకూ కరెంటుకూ కలిపి 50 వేలు పోతోంది అనుకుందాం. నికరంగా చేరేది 3 లక్షలు. ఎగువన వానలు తెరిపివ్వడంతో ఈ నికర అంకె రోజంతా సమానంగా తగ్గుతూ ఇవాళ పొద్దుటికి లక్షకు వచ్చింది. పేపర్లో ‘సాగర్‌కు తగ్గిన వరద’ అని హెడ్డింగు. అది చదివి ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ రైతు ఎవరైనా ‘అయ్యో, సాగర్ ఖాళీ అయిపోతోంది’ అంటాడా? అనడు. వరద తగ్గింది గానీ వస్తూనే ఉంది, ప్రాజెక్టు నిండుతూనే ఉంది, కాకపోతే నిన్నటి జోరు లేదు. ఇదే గీతను వేగం–కాలం గ్రాఫుగా ఆయన కొడుకు ముందు పెడితే, గీత దిగుతోంది కాబట్టి బస్సు వెనక్కి వస్తోందని రాస్తాడు. గీత సున్నాకు పైన ఉన్నంతసేపూ బస్సు ముందుకే పోతుంది. సున్నాను దాటి కిందికి దిగితేనే వెనక్కి తిరిగినట్టు. ఇన్‌ఫ్లో కంటే ఔట్‌ఫ్లో ఎక్కువైతేనే సాగర్ తగ్గినట్టు.

ఆ ఒక్క రోజులో ఎన్ని నీళ్లు చేరాయన్న లెక్క కూడా రైతు నోట్లోనే ఉంటుంది. 11 వేల పైచిలుకు క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అంటారు. సరిగ్గా చెప్పాలంటే 11,574. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, రోజుకు 86,400 సెకన్లు, ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది అదే. లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. మన లెక్కలో నికర వరద 3 లక్షల నుంచి లక్షకు సమానంగా తగ్గింది, కాబట్టి సగటు 2 లక్షలు, చేరిన నీళ్లు 17.28 టీఎంసీలు. గ్రాఫులో చూస్తే ఇది గీత కింద ఉన్న వైశాల్యం. ‘వేగం–కాలం గ్రాఫు కింది వైశాల్యం స్థానభ్రంశాన్ని ఇస్తుంది’ అని పిల్లలు బట్టీ పట్టే వాక్యానికి ఇంతకంటే తడి ఉన్న ఉదాహరణ ఈ ప్రాంతంలో దొరకదు. స్థానభ్రంశం అంటే ఒక దిక్కుకు జరిగిన దూరం. దూరం అంటే పొడవు, వైశాల్యం పొడవెలా అవుతుందని తెలివైన పిల్ల ఎవరో అడుగుతుంది. క్యూసెక్కులను కాలంతో హెచ్చిస్తే నీళ్లు ఎలా వచ్చాయో, వేగాన్ని కాలంతో హెచ్చిస్తే దూరం అలాగే వస్తుంది. కాగితం మీది చతురస్రం ఒక పక్క సెకన్లు, ఒక పక్క సెకనుకు మీటర్లు. రెండూ గుణిస్తే సెకన్లు కొట్టేసుకుపోయి మీటర్లు మిగులుతాయి.

పోలిక తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ఇక్కడ స్థానానికి సాటి వచ్చేది నిల్వ, నీటిమట్టం కాదు. రిజర్వాయరు అడుగున ఇరుకు, పైన వెడల్పు. ఒక్క అడుగు పెరగడానికి కింద పట్టినన్ని నీళ్లు పైన చాలవు. అందుకే వరద ఏమాత్రం మారకపోయినా 590కి దగ్గరపడుతున్నకొద్దీ మట్టం పెరగడం నెమ్మదిస్తుంది. గేట్లు ఎప్పుడెత్తుతారా అని ఎదురుచూసేవాళ్లకు ఆఖరి అడుగు అంత ఆలస్యం కావడానికి ఇదొక కారణం.

సమానంగా మారే వేగానికి సగటు తీసి కాలంతో హెచ్చించొచ్చన్న ఈ కిటుకు చాలా పాతది. 14వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీ పండితులు మాటల్లో చెప్పారు. అదే శతాబ్దంలో ఫ్రాన్సులో నికోల్ ఒరేమ్ కాలాన్ని అడ్డంగా, వేగాన్ని నిలువుగా గీసి బొమ్మతో చూపించాడు. గెలీలియో వాలు పలక గాడిలో గుండు దొర్లించి, కారే నీటిని తూచి కాలం కొలిచి, సమాన కాలాల్లో గుండు పోయే దూరాలు 1, 3, 5, 7 వరసలో ఉంటాయని తేల్చాడు. ఆ సంగతి వచ్చిన ఆయన పుస్తకం 1638లో అచ్చయింది. ఎందుకు 1, 3, 5, 7? ఫార్ములా అక్కర్లేదు. సున్నా నుంచి తిన్నగా లేచే వేగం గీత కింద ఒక త్రిభుజం ఏర్పడుతుంది. దాన్ని సమాన వెడల్పున నిలువుగా కోయండి. మొదటి ముక్క ఒక చిన్న త్రిభుజం. రెండో ముక్కలో అలాంటివి మూడు పడతాయి, మూడోదాంట్లో ఐదు. పరీక్ష పేపరు వెనక పెన్సిల్‌తో గీసి లెక్కపెట్టుకోవచ్చు.

రుణ త్వరణం దగ్గర బళ్లో ఒక అబద్ధం స్థిరపడిపోయింది: రుణ త్వరణం అంటే బ్రేకు. సగం సార్లు నిజమే కాబట్టి ఈ అబద్ధం ఏళ్ల తరబడి బతికిపోతుంది. నల్గొండను సున్నా అనుకుని, హైదరాబాద్ వైపును ధన దిశ అని పెట్టుకుందాం. హైదరాబాద్ నుంచి నల్గొండకు వచ్చే బస్సు వేగం అప్పుడు రుణ సంఖ్య. చిట్యాల దాటాక ఆ బస్సు సెకనుకు 10 మీటర్ల నుంచి 20 మీటర్లకు జోరందుకుంది, 20 సెకన్లు పట్టింది. అంటే వేగం మైనస్ 10 నుంచి మైనస్ 20కి వచ్చింది. త్వరణం మైనస్ 0.5. రుణ త్వరణమే, కానీ డ్రైవర్ కాలు బ్రేకు మీద లేదు, ఎక్సలేటరు మీద ఉంది. ఊరు దగ్గరపడ్డాక 10 సెకన్లలో ఆగింది. వేగం మైనస్ 20 నుంచి సున్నాకు, త్వరణం ప్లస్ 2. బ్రేకు వేసినప్పుడు ధన త్వరణం.

మైనస్ 10 నుంచి మైనస్ 20కి పోతే పెరిగినట్టా, తగ్గినట్టా? రుణం అన్న మాటలోనే జవాబుంది. పాసుబుక్కులో పదివేల బాకీ ఇరవై వేలు అయిందంటే లెక్కలో అంకె తగ్గిందని ఎవరూ సంబరపడరు. బాకీ పెరిగింది. ఖాతా ఎటు పోతోందన్నది ఒకటి, బాకీ ఎంత పెద్దదన్నది ఒకటి. వేగానికి ముందున్న గుర్తు దిక్కు చెబుతుంది, దాని పరిమాణం వడి చెబుతుంది. వేగం, త్వరణం రెండింటి గుర్తులూ ఒకటైతే వడి పెరుగుతుంది. ఎదురెదురైతే తగ్గుతుంది. బ్రేకు సంగతి తెలియాలంటే త్వరణం గుర్తు ఒక్కటే చాలదు, వేగం గుర్తు కూడా చూడాలి.

దీనికి అసలు పరీక్ష పైకి విసిరిన బంతి. నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో ఎవరో క్రికెట్ బంతిని నిట్టనిలువుగా సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరారు. గురుత్వ త్వరణాన్ని లెక్క సులువు కోసం 10 అనుకుంటే, బంతి 2 సెకన్లలో 20 మీటర్ల ఎత్తుకు పోయి, ఇంకో 2 సెకన్లలో చేతికొస్తుంది. పైన, తిరగబోయే క్షణంలో త్వరణం ఎంత? ‘సున్నా’ అన్న జవాబు ఏ తరగతి గదిలోనైనా ముందు వినపడుతుంది. ఆ క్షణంలో వేగం సున్నా, నిజమే. త్వరణం కూడా సున్నా అయితే వేగం మారడానికి కారణమే ఉండదు, బంతి అక్కడే గాలిలో వేలాడాలి. వేగం–కాలం గ్రాఫు గీస్తే సంశయం ఉండదు. గీత ప్లస్ 20 దగ్గర మొదలై, 2 సెకన్ల దగ్గర సున్నాను దాటి, 4 సెకన్లకు మైనస్ 20కి చేరుతుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే తిన్నని గీత. పైన తిరిగే క్షణంలో ఆ గీతలో వంపు లేదు, విరుపు లేదు. వాలు అంతటా మైనస్ 10. సున్నాను దాటేటప్పుడు గీత ఎత్తే సున్నా అవుతుంది, వాలు కాదు.

ఇదే బంతికి ఎత్తు–కాలం గ్రాఫు గీస్తే కమానులా వస్తుంది. చూసినవాళ్లు బంతి ఏటవాలుగా పోయి అవతల పడిందనుకుంటారు. బంతి నిలువుగా పోయి నిలువుగా చేతిలోకే వచ్చింది. కాగితం మీద గీత కుడికి జరగడానికి కారణం కాలం జరగడం. మన్ననూరు ఘాట్ దగ్గర మొదలైన తప్పే మళ్లీ ఇక్కడ తగులుతుంది.

ఇన్ని గ్రాఫులు గీశాక ఒక చిత్రం గమనించాలి. వేగాన్ని కళ్లు చూస్తాయి, త్వరణం ఒంటికి తెలుస్తుంది. హైవే మీద ఎనభైలో సమానంగా పోయే బస్సులో చేతిలో చాయ్ గ్లాసు కదలదు. కళ్లు మూసుకుంటే బస్సు పోతోందో ఆగిందో ఇంజన్ చప్పుడును బట్టే చెప్పాలి. అదే పల్లెవెలుగు బస్సులో నిలబడి ఉంటే, డ్రైవర్ క్లచ్ వదిలిన ప్రతిసారీ వెనకున్నవాళ్ల మీద పడతాం, బ్రేకు కొట్టిన ప్రతిసారీ ముందుకు తూలుతాం. కాళ్లు చెప్పే కబురు వేగం గురించి కాదు, వేగం మారడం గురించి.

దీన్ని కొలవొచ్చు కూడా. సగం నీళ్లున్న సీసాను బస్సు పోయే దిక్కుకు అడ్డం కాకుండా, పొడవుగా ఒళ్లో పడుకోబెట్టాలి. బస్సు సమాన వేగంతో పోతుంటే నీళ్లు మట్టంగా ఉంటాయి. జోరందుకుంటే నీళ్లు వెనక మూలకు లేస్తాయి, బ్రేకు వేస్తే ముందు మూలకు. ఎంత లేస్తాయన్నది త్వరణానికీ గురుత్వ త్వరణానికీ ఉన్న నిష్పత్తి. బస్టాండు నుంచి బయల్దేరిన బస్సు 20 సెకన్లలో సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుంటే త్వరణం 0.5, గురుత్వంలో ఇరవయ్యో వంతు. 20 సెంటీమీటర్ల పొడవు నీళ్లలో ఈ చివరకూ ఆ చివరకూ తేడా ఒక సెంటీమీటరు. తర్వాత 30 సెకన్లు అదే వేగంతో పోతే నీళ్లు మట్టానికొస్తాయి. ఆపైన 10 సెకన్లలో ఆగితే త్వరణం మైనస్ 1, తేడా రెండు సెంటీమీటర్లు, ఈసారి ముందువైపు. మొత్తం నడిచిన దూరం వైశాల్యాల లెక్కన 100, 300, 50 కలిపి 450 మీటర్లు. గతుకుల రోడ్డు మీద నీళ్లు చిలుకుతాయి కాబట్టి అంత కచ్చితంగా తేలదు గానీ, ఎటు లేచాయన్నది మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది.

ఫోన్లో కూడా త్వరణం కొలిచే చిప్పు ఉంది. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ చేశారు, అది ఆ చిప్పు చెప్పేదాన్ని అప్పటికప్పుడు గ్రాఫుగా గీస్తుంది. మొదటిసారి తెరిచినవాళ్లకు ఒక షాక్ ఉంటుంది. టేబుల్ మీద కదలకుండా పెట్టిన ఫోను 9.8 చూపిస్తుంది. ఫోను పాడైపోలేదు. టేబుల్ ఫోన్ను పైకి నెట్టే బలాన్ని చిప్పు లెక్కలోకి తీసుకుంటోంది. గురుత్వం తీసేసి చూపించే వరస అదే యాప్‌లో పక్కనే ఉంటుంది. బస్సులో కూర్చుని దాన్ని పెట్టుకోవాలి.

అలా పెట్టుకుని స్టాపు వచ్చేటప్పుడు గ్రాఫు చూస్తే, పుస్తకంలో లేని ఒక సంగతి కనబడుతుంది. పుస్తకం లెక్కలో బస్సు ఆగే దాకా త్వరణం మైనస్ 1, ఆగిన క్షణంలో సున్నా. గీత గోడలా నిటారుగా లేస్తుంది. బస్సు ఆగిన తర్వాత వచ్చే ఆ చివరి కుదుపు, నిలబడ్డవాళ్లందరినీ ఒక్కసారి వెనక్కి లాగేది, ఆ గోడే. అప్పటిదాకా ముందుకు తూలకుండా బిగబట్టిన ఒళ్లుకు బిగబట్టాల్సిన కారణం ఉన్నట్టుండి పోతుంది. కొత్త డ్రైవర్ బండి అలాగే ఆగుతుంది. చెయ్యి తిరిగిన ఆర్టీసీ డ్రైవర్ బండి నిలబడబోయే ముందు బ్రేకు మీద కాలు కొంచెం సడలిస్తాడు. అప్పుడు గోడ ఉండాల్సిన చోట మెల్లగా సున్నాకు చేరే వాలు గీత వస్తుంది, ఒళ్లో సీసాలో నీళ్లు చప్పుడు చేయకుండా మట్టానికి చేరతాయి, కండక్టర్ పైకడ్డీ పట్టుకోకుండానే టికెట్టు కొడుతుంటాడు.